ట్యాంకు కింద ముడి

చెడిపోవడానికి మా బండికి ఎప్పుడూ ముఖ్యమైన రోజే దొరుకుతుంది. మామూలు రోజుల్లో పిలిస్తే పలికే బండి ఆ రోజు పొద్దున మాత్రం ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేకుండా వాకిట్లో నిలబడింది.

ఆ రోజు నాకు వల పరీక్ష. మా ఊరి చేపల సంఘంలో సభ్యత్వం కావాలంటే మత్స్యశాఖ ఆఫీసరు ముందు చెరువులో ఈదాలి, వల విసరాలి, తెగిన వల అల్లి చూపించాలి. అందులో నెగ్గినవాళ్లకే చెరువులో చేపల మీద హక్కు. ఇంటికి ఒక్క సభ్యత్వమేనని మా సంఘం కట్టుబాటు. మా ఇంటి సభ్యత్వం మా ఆయన బాలేష్‌ది. పోయిన వానాకాలం కామెర్లు ముదిరి ఆయన దవాఖానలోనే కన్నుమూశాడు. అప్పటినుంచి ఆ చోటు ఖాళీగా ఉంది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద పరీక్ష పెట్టారు. మళ్లీ ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్లకే తెలియదు. ఇంతకు ముందు పెట్టినప్పుడు నాకింకా పెళ్లే కాలేదు.

ఆ హక్కు దొరక్కపోతే ఇంకెవరో పట్టిన చేపలు బతిమాలి కొనుక్కొని, గంపలో పెట్టుకుని అమ్ముకోవాలి. బాలేష్ ఉన్నన్నాళ్లు మా ఇంటి ముందుకే వచ్చి కొన్నవాళ్లు ఇప్పుడు నన్ను చూసి పక్క సందులోంచి పోతున్నారు. చెరువులో నాకంటూ ఒక చోటుంటే ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. నాకు కావలసింది అంతే.

వల అల్లడం నేర్పింది మా అత్త రుక్కమ్మే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కోపంలో ఆమె మంచి దాచిపెట్టానని రేపు ఎవరూ నన్ను అనకూడదు. కొడుకు పోయిన నెలలోనే నా చేతికి వల అల్లే పుల్ల ఇచ్చి, "ఏడ్సుకుంట కూసుంటె చేతులు ఊకుంటయా, పట్టు" అంది. నేను ముడి తప్పుగా వేస్తే వేళ్ల మీద కొట్టింది. తెల్లవారుజామున కుంట దగ్గరికి తీసుకెళ్లి, చీర మోకాళ్ల పైకి దోపుకుని తనే నీళ్లలోకి దిగి, "చేతితోని గాదు, నడుము తిప్పి ఇసురు" అని చూపించింది. నా వల మొదటిసారి గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడ్డ రోజు, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకోసమే అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

బండి తోలడం నాకు రాదు. నన్ను తీసుకెళ్లాల్సింది మా మరిది ఐలేష్. అతను వెంచర్‌లో ప్లాట్లు చూపించే పని చేస్తాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కొనేవాళ్లకు చెరువు చూపించి ఊరిస్తాడు గానీ, ఆ నీళ్లలో కాలు పెట్టి ఏళ్లయింది. మనిషి మంచివాడే. పొద్దున్నే లేచి, నా వల మూట తనే మోసుకొచ్చి బండి దగ్గర పెట్టాడు.

కిక్కు కొట్టాడు. లేదు. మళ్లీ కొట్టాడు. లేదు. ట్యాంకు మూత తీసి బండి ఊపి చెవి పెట్టాడు. పెట్రోలు గలగలమంది. నాబ్ రిజర్వులోకి తిప్పాడు, చోక్ లాగాడు, మళ్లీ కొట్టాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నేను పక్కన నిలబడి అతని కాలు లేచినప్పుడల్లా నాలో నేను దండం పెట్టుకున్నాను.

"ప్లగ్గు చూస్త వదినా, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ప్లగ్గు విప్పాడు. నల్లగా మసి పట్టి ఉంది. ఉప్పు కాగితంతో గీకి, పెట్రోలులో కడిగి, ఇంజను ఇనుముకు ఆనించి నన్ను కిక్కు కొట్టమన్నాడు. చీర ఎగదోపుకుని కొట్టాను. ప్లగ్గు కొసన చిన్న రవ్వ రావాలి. రాలేదు.

"కరెంటు వస్తలేదు" అన్నాడు. వెంటనే తల పైకెత్తి, "అన్న కట్టిన వైరు చూద్దునా?" అన్నాడు.

ఆ వైరు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఊళ్లో వల మోసే ప్రతి బండికీ ఉన్న రోగమే అది. చెరువు నుంచి వచ్చేటప్పుడు తడి వలను ట్యాంకు మీదే వేసుకుంటారు. చూస్తూ తేవచ్చు, జారిపోదు. వల నీళ్లు ట్యాంకు పక్కలనుంచి కారి కిందికి దిగుతాయి. ప్లగ్గుకు కరెంటు తెచ్చే లావు వైరు అక్కడే ఒక చిన్న డబ్బాలోంచి బయలుదేరుతుంది. అది పట్టి ఉండే చోటును తుప్పు తినేస్తుంది, వైరు వదులై జారుతుంది. వల వెనక కట్టుకోవయ్యా అని మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్లు వినలేదు. బాలేష్ దానికి తన వైద్యం తాను చేశాడు. వైరును లోపలికి నొక్కి, వల అల్లే ఆకుపచ్చ నైలాన్ దారంతో డబ్బాకు బిగించి ముడి వేశాడు. ఆ ముడి అంటే వల కన్ను ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది తప్ప దానంతటది ఊడదు.

అరుగు మీద వల అల్లుతూ కూర్చున్న అత్త తల ఎత్తకుండానే అంది: "గది తడికి వచ్చే రోగం రా. బండి వల మొయ్యక ఏడాదాయె, గిప్పుడెందుకైతది? ప్లగ్గే పోయింది. కొత్తది తెచ్చెయ్యిపో."

నిజమే అనిపించింది. నాకూ అనిపించింది, అతనికీ అనిపించింది. ఐలేష్ రోడ్డు మీది పంక్చర్ షాపు దాకా నడిచిపోయాడు.

అతను అటు పోయాక ఇబ్రహీంపట్నం బస్సు హారన్ వినిపించింది. నేను వల మూట భుజానికెత్తుకున్నాను.

"ఏడికి?" అంది అత్త.

"బస్సుల పోత అత్తా. గీ బండిని నమ్ముకుంటె కాదు."

"గింత వల మూటను బస్సెక్కనిస్తడా కండక్టరు? నడి తొవ్వల దింపితె ఏం జేస్తవ్? వాడు ప్లగ్గు తెస్తుండు గద, జర ఆగు బిడ్డా."

బిడ్డా అంది. నేను మూట దించాను. బస్సు మా సందు చివర ఆగి, ఎవరో దిగి, వెళ్లిపోయింది.

ఐలేష్ కొత్త ప్లగ్గుతో వచ్చేసరికి ఎండ వాకిలంతా పరుచుకుంది. పెట్టాడు, కొట్టాడు. అదే మౌనం. అతని మొహంలో నిజంగానే బాధ ఉంది. కాలు నొప్పెట్టి కుంటుతున్నాడు కూడా. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఇక ఎవరి మాటా వినదలచుకోలేదు. వంగి ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చాను.

వైరు నా చేతిలోకి వచ్చేసింది.

ముడి లేదు. తెగిపోతే కొసలు వేలాడాలి కదా, అవీ లేవు. డబ్బా చుట్టూ దారం ఉన్న చోట దుమ్ము లేని గీత మాత్రం మిగిలింది. కింద మట్టిలో వెతికాను. ఐలేష్ కూడా వంగి చూసి, "ఎలుక కొరికిందేమో" అన్నాడు. దారాన్ని మిగల్చకుండా మింగే ఎలుక మా ఊళ్లో ఇంకా పుట్టలేదు.

"అత్తా, జర దారమియ్యి. వైరు కట్టాలె" అన్నాను.

ఆమె పుల్లను ఒళ్లోంచి తీసి కొంగు కిందికి జరిపింది. "గిది సన్నది, ఆగది. లోపట లావుది ఉన్నది, తెస్త" అని లేవబోయింది. ఇంట్లోకి వెళ్లి, చీకట్లో వెతికి, తెచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. నేను పోయి పుల్లను ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

పుల్లకు తెల్ల దారం చుట్టి ఉంది. దాని మీద, ఒక కొసన, జానెడు ఆకుపచ్చ దారం పద్ధతిగా చుట్టి ఉంది. ఇంజను నూనెకు నల్లబడిన దారం.

మా అత్త దారం పారేయదు. చిరిగిన వలలోంచి కూడా ముడులు పంటితో విప్పి, దాచి, మళ్లీ వాడుతుంది. దొంగతనం చేసిన చేతికి కూడా ఆ అలవాటు పోలేదు.

ఆ ముడి ఆమె కొడుకు చేతి ముడి. ఆయన చేతితో చేసినవి ఆ ఇంట్లో ఇంకేం మిగిలాయి? దాన్ని కూర్చుని, ఓపికగా, పంటితో విప్పింది. ఆమె వైపు చూశాను. ఆమె కళ్లు దించలేదు.

"పో బిడ్డా, ఆలస్యమైతది" అంది.

అరవడానికి కూడా నాకు తీరిక లేదు. వైరు నొక్కి, అదే ఆకుపచ్చ దారంతో, అదే ముడి వేశాను. ఐలేష్ కొట్టిన మొదటి కిక్కుకే బండి స్టార్ట్ అయింది.

యాచారం దాటాక అతనికి చెప్పాను. గాలికి వినపడదని గట్టిగానే చెప్పాను.

"అమ్మ గట్ల చెయ్యది వదినా. నీకు తానే నేర్పింది గదా" అన్నాడు.

"నేను గూడ గదే అనుకున్న."

చెరువు కట్ట మీద జనం పలచబడ్డారు. తడి తలలు తుడుచుకుంటూ, వలలు దులుపుకుంటూ వెళ్లిపోతున్నారు. టెంటు కింద ఆఫీసరు కుర్చీలోంచి లేస్తున్నాడు. మా సంఘం అధ్యక్షుడు నారయ్య మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. ఎదురొచ్చింది నాకు కాదు, ఐలేష్‌కు.

"గింత లేటా రా? మీ అమ్మ పొద్దుగాలనే ఫోన్ జేసింది. కోడలు వస్తలేదు, చిన్నోన్ని తోలుతున్న, వాని పేరు రాపియ్యమని. సారుకు చెప్పి ఆపిన."

ఐలేష్ నా వైపు చూడలేదు. నేను ఆశ వదులుకుని ఇంట్లోకి పోయాక, ఆ దారం మళ్లీ కట్టి చిన్న కొడుకును ఒక్కడినే పంపాలనుకుందన్నమాట అత్త.

"నేను వచ్చిన కాకా. వస్తలేనని నేను చెప్పలే" అన్నాను.

నారయ్య మెత్తగా నవ్వాడు. కొందరి మెత్తదనం చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. "మంజులా, కోపం జెయ్యకు. వయసుల ఉన్నవ్. రేపు ఇంకో ఇంటికి పోతే చెరువు హక్కు గూడ నీ ఎంబడి పోతది. మీ అత్త భయం గదే. మొగోడు ఇంట్ల ఉండంగ నువ్వెందుకు నీళ్లల్లకు దిగుడు?"

"నేను యాడికి పోతనని చెప్పిన?"

"ఇప్పుడు చెప్పవ్."

ఆఫీసరు గడియారం చూసుకుని, "ఇంటికి ఒక్కరే అన్నారు కదా. ఎవరో తేల్చుకోండి, నేను వెళ్లాలి" అన్నాడు.

నేను ఒక్క అడుగు ముందుకు వేశాను. ఐలేష్ తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ కాసేపు నాకు ఆశ పుట్టింది. పొద్దుటినుంచి నాకోసం చెమటోడ్చిన మనిషి, తల్లి చేసిన పని ఇప్పుడే చెవులారా విన్న మనిషి, మా వదిన ఇస్తది సార్ అని ఒక్క మాట అంటాడనుకున్నాను. అతను వంగి బూట్లు విప్పాడు. ప్యాంటు మడిచాడు. నా భుజం మీది వల తీసుకున్నాడు.

"ఎవరైతే ఏముంది వదినా. ఇల్లు ఒక్కటే గద. నీ బాగోగులు నేను అర్సుకోనా?" అన్నాడు.

వేసవంతా కూర్చుని నేను అల్లిన వల అది. సీసం గుండ్లు ఒక్కొక్కటీ నేనే కట్టాను. దాన్ని అతను చేతితో విసిరాడు, నడుముతో కాదు. ఉతకడానికి వేసిన బట్టల మూటలా దబ్బున పడి మునిగింది. నారయ్య "వస్తది సార్, చిన్నప్పటిసంది వస్తది" అన్నాడు. ఈత మాత్రం ఎలాగో ఈదాడు. అల్లే పుల్ల చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు. నారయ్య "ఎండ మస్తున్నది సార్" అన్నాడు. సారు తల ఊపాడు. అయిపోయింది.

అందరూ ఐలేష్ చేతులు పట్టుకుని ఊపుతున్నారు. నా వల ఒడ్డున రాళ్ల మీద కుప్పగా పడి ఉంది. నీళ్లు పిండి, మడిచి, భుజాన వేసుకుని బండి దగ్గరికి నడిచాను.

ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చాను. లాగితే బిగుసుకునే ముడి అది. ఎక్కడ నొక్కితే వదులవుతుందో తెలియాలి. నాకు తెలుసు. నేర్పిన మనిషి బాగానే నేర్పింది. దారం కొంగున కట్టుకుని, వైరును బయటికి లాగి వదిలేశాను.

బస్సులో కండక్టరు వల మూటను చూసి, "పక్కకు పెట్టమ్మా" అన్నాడు. అంతే. టికెట్టు కొట్టి ముందుకు పోయాడు. అప్పుడు ఏడుపు వచ్చింది.

ఇంటికి చేరేసరికి అత్త అరుగు మీదే ఉంది. అన్నం వండి పెట్టినట్టుంది, వాకిట్లోకి వాసన వస్తోంది. నా వెనక సందులోకి తొంగి చూసింది.

"అయ్యిందా?" అంది.

"మీ చిన్నోనికి అయ్యింది."

ఆమె మొహంలో వెలుగు వచ్చింది. దాన్ని దాచుకోవడానికి ఆమె ప్రయత్నించింది కూడా. మళ్లీ సందు చివరిదాకా చూసింది.

"మరి వాడేడి?"

కొంగు ముడి విప్పి, ఆకుపచ్చ దారం తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"బండి స్టార్ట్ అయితలేదట" అన్నాను.