పెద్ద మేస్త్రీ బొటనవేలు

ఆ కార్ల షెడ్డులో ఇద్దరు మేస్త్రీలు, ఒక తల్లి బిడ్డలే. అన్నని పెద్ద మేస్త్రీ అంటారు, తమ్ముణ్ణి చిన్న మేస్త్రీ అంటారు. చిన్న అన్నమాటే గానీ ఆయనకీ యాభై దాటాయి, నెత్తిన నాలుగు వెంట్రుకలు మిగిలాయి. అయినా బండి తెచ్చిన ప్రతివాడికీ పెద్దాయనే కావాలి. ఎందుకు కోరుకోరు! ఇంజన్ ఆయిల్ చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, లోపల ఏది అరుగుతోందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకెవడున్నాడు?

ఆ పొద్దున పళ్ళ డాక్టరు తన ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, డాక్టరు పెళ్ళికంటే పాతది. నాలుగు నెలల కిందట దాని ఇంజన్ మొత్తం విప్పి బిగించింది పెద్ద మేస్త్రీయే.

"ఆదివారం మా ఆవిణ్ణి ఎక్కించుకుని కొండ మీదికి పోదామనుకుంటున్నా. ఆయిల్ ఒక్కసారి చూసి సరే అనండి, చాలు," అని డాక్టరు బయట బెంచీ మీద పేపరు తెరిచాడు.

చిన్న మేస్త్రీ కారు కిందికి దూరి, నట్టు విప్పి, వేడి ఆయిల్‌ని తెల్ల ట్రేలోకి వదిలాడు. గుమ్మం దగ్గర ఎండలో పెట్టి ట్రేని అటూ ఇటూ వంచాడు. నల్లటి ఆయిల్‌లో సన్నగా రాగి రంగు మెరుపు కదిలింది. అయస్కాంతం ముంచి తీశాడు. ఏమీ అంటుకోలేదు, అంటే ఇనుము కాదు. ఫిల్టరు కోసి కాగితం మడతలు విప్పితే మడతమడతకీ అదే తళుకు. బేరింగుల పైపూత అరిగిపోయి, కింది రాగి రాలుతోంది. ఇలాగే కొండెక్కిస్తే దారి మధ్యలో ఇంజన్ పట్టేస్తుంది.

ఇంకెవరైనా బిగించిన ఇంజనైతే ఈపాటికి అరిచి గోలపెట్టేవాడే. ఇది అన్న బిగించింది. ఆ రోజు పెద్దాయన ఆ బేరింగుల్లో తిరిగే క్రాంకు షాఫ్టు తుడిచి, దాని మీద బొటనవేలు రాసి, "అద్దంలా ఉంది, బిగించెయ్" అన్నాడు. ఎక్కడో ఇసక రేణువు మెరిసినట్టు తమ్ముడికి అనిపించింది. అయినా నోరు మెదపలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ వేలికి ఎవడు ఎదురుచెప్పాడు గనక!

"ఏంట్రా, ట్రేలో అందం చూసుకుంటున్నావా?" అంటూ పెద్ద మేస్త్రీ వచ్చాడు. వేలు ముంచి, నలిపి, కళ్ళు మూసుకున్నాడు. "వెన్నరా! ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. డాక్టరుకి చెప్పెయ్."

తమ్ముడు ఆ వేలినే చూస్తున్నాడు. దాని నిండా రాగి రవ్వలు తళతళమంటున్నాయి. అరచేతిలో మానీ మానని కాలిన మచ్చ ఉంది. పోయిన నెల కాలుతున్న సైలెన్సరు గొట్టాన్ని పట్టుకుని, చర్మం కమురు వాసన వచ్చేదాకా వదల్లేదు మహానుభావుడు. తమ్ముడు లాగేస్తే, "నాది తోలు మందంరా" అని నవ్వేశాడు. అప్పుడు అర్థం కానిది చిన్న మేస్త్రీకి ఇప్పుడు అర్థమైంది.

"ఏమంటారు, వెళ్ళొచ్చా?" డాక్టరు బయటి నుంచి కేకేశాడు.

"ఒక్క నిమిషం, డాక్టరు గారూ." చిన్న మేస్త్రీ గొంతు తగ్గించాడు. "అన్నయ్యా, కళ్ళద్దాలు పెట్టుకుని నీ వేలు చూసుకో."

"నా వేలు నాకే చూపించేంత వాడివయ్యావా?" కోపం ముక్కు మీదే ఉంటుంది ఆయనకి. అయినా అద్దాలు తగిలించుకున్నాడు. చాలాసేపు చూశాడు. వేలు పంట్లాముకి తుడిచి, మళ్ళీ ముంచి, ఇంకా గట్టిగా నలిపాడు. తర్వాత పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు తమ్ముడు.

"ఏడాది దాటింది. షుగరు వల్లట. ముట్టుకుంటే తడి కూడా తెలియట్లేదురా."

"మరి వెన్న అన్నావుగా!"

"ఏదో ఒకటి అనాలిగా. నా మొహంలోకే చూస్తూ నిలబడతారు."

ఏడాదిలో ఆ వేలు సరేనన్న బండ్లన్నీ తమ్ముడి కళ్ళ ముందు వరసగా కదిలాయి. ఒళ్ళు మండింది, వెనకే ఏడుపూ తన్నుకొచ్చింది.

"నాకైనా చెప్పొద్దా? నేను చచ్చానా?"

"చెప్తే ఇంక నేనెందుకు ఇక్కడ?"

పెద్ద మేస్త్రీయే లేచి బయటికి వెళ్ళాడు. "బండి కదలదు, డాక్టరు గారూ. తప్పు నాది. ఇంజన్ మళ్ళీ విప్పాలి," అని కుండబద్దలు కొట్టాడు. డాక్టరు పేపరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

పెద్దాయన లోపలికొచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుని ట్రేలో ముంచాడు. "నలుపు. ఏం తగులుతోంది?"

"ఏదో గరగర."

"గరగర అంటే చాలదు. ఇసకలా ఉందా, రేకులా ఉందా?"

"రేకులా. చాలా సన్నగా. నొక్కితే పక్కకి జారిపోతోంది."

పెద్ద మేస్త్రీ కళ్ళు మూసుకుని వింటున్నాడు. "ఊఁ. ఇంకా?"

"ఇంకేముంది... వెచ్చగా ఉంది."

"ఇంకా వెచ్చగానే ఉందా?" అన్నాడాయన. తన వేళ్ళూ ట్రేలోనే ఉన్నాయి. వాటిని బయటికి తీసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.