లాకరు గదికి లైను

మధ్యాహ్నం మొదటి కాల్ రావాలి. పొద్దున తలుపులు తెరిచేసరికి ఆఫీసులో ఇంకా నెట్టు లేదు. అయినా అక్కాచెల్లెళ్ళిద్దరికీ కాలు నేల మీద నిలవడం లేదు.

అక్కకు పుట్టుకతోనే వినపడదు. చెల్లెలు అక్క చేతులు చూసి సైగలు ముందు నేర్చింది, నోటిమాట తర్వాత నేర్చింది. కొన్నేళ్ళ క్రితం అక్క ఒంటరిగా ఆస్పత్రికి వెళ్ళి, ఏ మాత్ర ఎప్పుడు మింగాలో తెలుసుకుంది గాని, తనకొచ్చిన జబ్బేమిటో తెలియకుండానే ఇంటికొచ్చింది. ఆ వేళ ఇంటిల్లిపాదీ పడ్డ కంగారులోంచి పుట్టింది ఈ ఆఫీసు ఆలోచన. వినపడనివాళ్ళు డాక్టరు ముందు కూర్చుని ఫోను తెరిస్తే తెర మీద చెల్లెలు కనిపించాలి. డాక్టరు మాట ఆమె చేతుల్లో, వాళ్ళ మాట ఆమె నోట్లో పలకాలి. ఆ పని చెల్లెలిది, ఆఫీసు నడిపే భారం అక్కది.

అద్దెకు దొరికింది ఒక పాత నగల దుకాణం. ముందు హాలు, వెనక లాకరు గది. లాకరు గదిని చూడగానే అక్క మనసు పారేసుకుంది. మందపాటి తలుపు మూస్తే వీధి గోల లోపలికి రాదు, లోపలి మాట బయటికి పోదు. రోగాల సంగతులు మాట్లాడే చోటు అలాగే ఉండాలని పట్టుబట్టి, చేతులు స్పష్టంగా కనపడేలా గోడలకు ముదురు నీలం వేయించింది.

టెక్నీషియన్ వచ్చాడు. నడివయసు మనిషి, నవ్వుముఖం. వీధి స్తంభం నుంచి సన్నటి ఫైబరు తీగను కిటికీ పైనుంచి హాల్లోకి లాగి, గోడకు చిన్న తెల్ల డబ్బా బిగించి, పక్కన రూటరు పెట్టాడు. కరెంటు పోయినా ఆగకుండా కింద బ్యాటరీ అమర్చాడు. రూటరు మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే అక్క మెల్లగా చప్పట్లు కొట్టింది. వేగం పరీక్షిస్తే ముల్లు చివరిదాకా పోయింది.

"లైను కళ్యాణమండపమంత విశాలంగా ఉందమ్మా. ఎంతమంది వచ్చినా చోటే" అన్నాడతను చెల్లెలితో.

అతను ప్రతి మాటా చెల్లెలి వైపే తిరిగి చెబుతున్నాడు. అక్క అతని భుజం తట్టి, తన ముఖం చూసి మాట్లాడమని సైగ చేసింది. చెల్లెలు ఆ మాట చెప్పగానే అతను తడబడ్డాడు గాని, అప్పటినుంచి అక్క వైపు చూసే మాట్లాడాడు.

ఇక అసలు పరీక్ష. అక్క హాల్లో ఫోను పట్టుకుని కూర్చుంది. చెల్లెలు లాకరు గదిలో కెమెరా ముందు కూర్చుని తలుపు మూసుకుంది. చేయి ఎత్తి ఒక మాట మొదలుపెట్టిందో లేదో, అక్క ఫోనులో ఆ చేయి గాల్లోనే బిగుసుకుపోయింది. తలుపు తెరిస్తే కదిలింది. మూస్తే మళ్ళీ ఆగింది. మాటల్లో ఒకటి పోయినా అర్థం ఊహించుకోవచ్చు. సైగ సగంలో ఆగితే మాటే లేదు.

"ఆరంభంలోనే హంసపాదు" అని చెల్లెలు నీరసపడింది.

టెక్నీషియన్ గోడను వేలితో కొట్టి చూశాడు. లోపల ఇనుపరేకు ఉందని, వైఫై దాన్ని దాటి రాదని, తీగే వేయాలని తేల్చాడు. డ్రిల్లు పెడితే దాని మొన రేకు మీద గిరగిరా తిరిగిందే తప్ప లోపలికి దిగలేదు. తలుపు కింద సందు లేదు. హాల్లోనే కూర్చుని కాల్ తీసుకుందామా అని చెల్లెలు అడిగితే అక్క ససేమిరా అంది. నమ్మి వచ్చిన మనిషి రహస్యం వీధిపాలు కాకూడదంది.

అంటూనే ఆమె కళ్ళు లాకరు గది పైకప్పు కింద ఆగాయి. నీలం రంగు కింద ఒక సన్నటి ఇనుప గొట్టం గోడ వెంట పోతోంది. రంగు వేసినవాడు దాన్ని పీకేయమంటారా అని అడిగిన సంగతి ఆమెకు గుర్తుకొచ్చింది. పాత దుకాణంలో దొంగలొస్తే మోగే గంటకు వేసిన గొట్టం అది. లోపలి తీగలు ఎప్పుడో పోయాయి. గొట్టం మాత్రం లాకరు గది నుంచి హాలు దాకా ఉంది.

టెక్నీషియన్ నిచ్చెనెక్కి ఉక్కుతీగను అందులోకి తోశాడు. కొంతదూరం పోయి ఇరుక్కుంది. ఎక్కడ ఇరుక్కుందో బయటికి తెలియదు. అక్క చెప్పులు విడిచి బల్ల మీదికెక్కి గొట్టం మీద అరచేయి ఆనించింది. తోస్తూనే ఉండమని సైగ చేసి, లోపల తీగ గీసుకునే గరగరను వేళ్ళతో వెతుక్కుంటూ బల్లను జరిపించుకుని పక్కకు కదిలింది. తలుపు పైనున్న అతుకు దగ్గర వేలు పెట్టి ఆగింది.

ఆ అతుకు విప్పితే లోపల గట్టిపడిన సున్నం ముద్ద ఉంది. దాన్ని పొడిచి తీయగానే ఉక్కుతీగ సర్రున జారి హాల్లో తల బయటపెట్టింది. చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. తీగకు కేబులు కట్టి ముగ్గురూ కలిసి లాగారు. ఒక కొస రూటరుకు, ఒక కొస కంప్యూటరుకు పెట్టారు. తలుపు మూశారు. అక్క ఫోనులో చెల్లెలి చేతులు ఏటిలో చేపల్లా ఆడాయి.

అప్పటికి కాల్ వేళ కావొచ్చింది. అన్నం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

తెర మీద కడుపుతో ఉన్న ఒకావిడ కనిపించింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని ఫోను పక్కన నిలబెట్టుకుంది. లైను కనిపెట్టుకోవడానికి, వినపడని తన అక్క గదిలో ఉండొచ్చా అని చెల్లెలు అడిగింది. ఉండనీ, తోటి మనిషే కదా అందావిడ. స్కానింగు డాక్టరు గొంతు వినిపిస్తోంది, చెల్లెలు చేతులతో చెబుతోంది. తల ఇదిగో, వెన్ను ఇదిగో. అంతలో డాక్టరు ఇంకో మాట అంది.

చెల్లెలు రెండు వేళ్ళు ఎత్తింది. ఎత్తిన వేళ్ళు అలాగే ఉండిపోయాయి. నోట మాట రాకపోవడం అందరికీ తెలుసు గాని, ఆమెకు చేతి మాట రాలేదు.

ఆవిడ కంగారుగా ఫోనును దగ్గరికి లాక్కుంది. "బొమ్మ ఆగిపోయింది. నేను కనిపిస్తున్నానా మీకు? చెప్పండి, మళ్ళీ కలపండి" అని సైగ చేసింది.

"ఆగలేదమ్మా" అని చెల్లెలు రెండు చేతులూ ఆడించి చూపింది. "కడుపులో ఇద్దరున్నారు. ఇద్దరి గుండెలూ బాగా కొట్టుకుంటున్నాయి."

ఆవిడ ముందు నమ్మలేదు. డాక్టరును మళ్ళీ అడగమంది. డాక్టరు మళ్ళీ చెప్పింది. అప్పుడావిడ నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వి, ఉయ్యాల ఒకటి చాలదేమో కనుక్కోమంది. ఆ మాట చెల్లెలు పైకి చెప్పగానే డాక్టరు పకపకా నవ్వింది. ఆ నవ్వును కూడా చెల్లెలు చేతుల్లో పెట్టి ఆవిడకు అందించింది. పక్కన కూర్చున్న అక్క చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

తలుపు తీసేసరికి టెక్నీషియన్ రూటరు దీపాల ముందు ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కూర్చున్నాడు. ఏమైందమ్మా అని అడిగాడు.

"లోపలి సంగతి చెప్పకూడదు, అన్నా. లైను మాత్రం ఒక్కసారి కూడా తొణకలేదు" అంది చెల్లెలు.

వాళ్ళ ముఖాలు చూస్తే అతనికీ నవ్వు ఆగలేదు. బాగుంది అనడానికి సైగ ఏమిటని అక్కనే అడిగాడు. అక్క చేసి చూపింది. అతను స్క్రూడ్రైవరు పట్టుకున్న చేత్తోనే చేయబోతే, అక్క దాన్ని లాక్కుని బల్ల మీద పెట్టి, అతని బొటనవేలును సరిచేసింది. ఈసారి కుదిరింది.

అంతలో లాకరు గదిలో తెర వెలిగింది. ఎవరో చెప్పాపెట్టకుండా పిలుస్తున్నారు. అక్క చెల్లెలిని వీపు మీద చేయి వేసి లోపలికి తోసి, తలుపు మూసింది.