చీమ కుట్టినట్టు

తస్నీంకు తెలుగు వచ్చిందంటే అది పనిమనిషి లూర్దమ్మ పుణ్యమే. కూర్చోబెట్టి నేర్పిందేమీ లేదు. ఖతార్ దేశం ఐన్ ఖాలిద్‌లోని ఆ ఇంట్లో తల్లి పొద్దున్నే బ్యాంకు డ్యూటీకి పోతుంది. తండ్రి సముద్రం మీద గ్యాస్ పనికి పోతే పదిహేను రోజులు ఇంటి మొహం చూడడు. ఇక పిల్ల ఎవరి నోరు చూసి పెరుగుతుంది? పాలు పట్టినా, నీళ్ళు పోసినా, జోకొట్టినా లూర్దమ్మే, అదీ పులివెందుల పక్క పల్లె మాటతోనే. నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ సూడాన్ పిల్ల వచ్చేపోయే వాళ్ళను ‘యాడికి పోతాండావ్’ అని నిలేసేది. ఇంటి డ్రైవర్ ఖాసీంది రాయచోటి. అతను పడీపడీ నవ్వేవాడు.

“అక్కా, నీ దయవల్ల ఖతార్‌లో మన జిల్లా పిల్ల ఒకటి తయారైంది” అనేవాడు.

తస్నీం తర్వాత మూడేళ్ళకు రయాన్ పుట్టింది. దానికి తెలుగు నేర్పే పని అక్కే తీసుకుంది.

వాళ్ళ దేశంలో యుద్ధం వచ్చి, ఇల్లు పోయి, మేడం తల్లి ఇక్కడికి చేరింది. పిల్లలు ఆమెను హబూబా అంటారు, అమ్మమ్మ అని. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. రోజూ సాయంత్రం అల్లం వేసి కాఫీ కాచి లూర్దమ్మకు కూడా ఒక చిన్న కప్పులో పోసి ఇచ్చేది. పోయిన ఇంటిని తలుచుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. చెడ్డది అయ్యుంటే లూర్దమ్మ ఆ రోజు కాస్త అనుమానపడి ఉండేదేమో.

తస్నీంకు ఎనిమిదేళ్ళు వచ్చినా చెవులు కుట్టించలేదని ముసలామెకు గుర్రుగా ఉండేది. బడికి సెలవులిచ్చాక ఒక పొద్దున చిన్న బంగారు కమ్మలు తెచ్చి చూపించింది. పిల్ల చేతులకు గోరింటాకు పెట్టింది. కొత్త గౌను కొన్నారు, హల్వా చేశారు. మెసైమీర్ నుంచి ఒకావిడ సంచి పట్టుకుని వస్తుందని, ఖాసీం పోయి తీసుకురావాలని చెప్పారు. ఇంకేముంది, చెవులు కుట్టించే పండుగే అనుకుంది లూర్దమ్మ. అనుకోదా మరి? ఆమె ఊళ్ళోనూ ఇంతే. కొత్త బట్టలు, బంగారం, తీపి. మేనమామ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేతులు గట్టిగా పట్టుకుంటాడు, కంసాలి కుడతాడు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చేలోపు నోట్లో బెల్లంముక్క పడుతుంది.

హబూబా వచ్చి, నువ్వు చేతులు పట్టుకో, పిల్ల నీ దగ్గరైతేనే కుదురుగా ఉంటుంది అంది. లూర్దమ్మ పొంగిపోయింది. ఎక్కడి పని మనిషి, ఎక్కడి మేనమామ స్థానం!

తస్నీం మాత్రం వాషింగ్ మిషన్ వెనకాల దాక్కుంది. ముసలామె పిలిస్తే రాలేదు. తల్లి పిలవనేలేదు, తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నెలనెలా మూడు రోజులు మేడం మంచం దిగలేక మూలుగుతుంటే వేడినీళ్ళ సంచి నింపి ఇచ్చేది లూర్దమ్మే. ఎందుకంత నొప్పి అని ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

“లూర్దా, నాకు భయం” అంది పిల్ల.

“భయమెందుకు బంగారూ? చీమ కుట్టినట్టు ఉంటాది, అంతే. నేను పట్టుకుంటా గదా.”

ఆ మాట నమ్మి పిల్ల బయటికి వచ్చింది. ఇంకెవరి మాటకూ వచ్చేది కాదు. లూర్దమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, బెల్లంముక్క లేదు కాబట్టి ఒక ఖర్జూరం గుప్పిట్లో ఉంచుకుంది. వచ్చినావిడ సంచి తెరిచింది. చెవుల దగ్గరికి రాలేదు. హబూబా పిల్ల కాళ్ళు పట్టుకుంది.

అప్పుడైనా వదిలేయాల్సింది. లూర్దమ్మ వదల్లేదు. కావాలని కాదు, ఏం జరుగుతోందో బుర్రకెక్కేలోపే అంతా అయిపోయింది. చేతులు బిగుసుకుపోయాయి. పిల్ల అరిచిన అరుపులో ఉన్నది ఆమె పేరే.

ఖర్జూరం గుప్పిట్లోనే నలిగిపోయింది.

వారం రోజులు జ్వరం. తండ్రికి ఫోన్‌లో ఏదో ఇన్ఫెక్షన్ అని చెప్పారు. ఆడవాళ్ళ సంగతి, మగవాళ్ళకు చెప్పేది కాదంది ముసలామె. లూర్దమ్మ గంజి తీసుకుపోతే తస్నీం గోడ వైపు తిరిగేది. లేచి తిరగడం మొదలెట్టాక కూడా లూర్దమ్మతో అరబీలోనే మాట్లాడింది. నీళ్ళు, బూట్లు, బడి సంచి, అన్నీ అరబీలోనే. ఆ పిల్ల నోట తెలుగు ఆగిపోయిన ఇల్లు లూర్దమ్మకు పరాయి ఇల్లు అయిపోయింది. కమ్మలు డబ్బాలోనే ఉన్నాయి. చెవులు ఎవరూ కుట్టలేదు.

ఖాసీం పెరట్లో కారు కడుగుతూ, తల ఎత్తకుండా చెప్పాడు.

“నేను అడిగి తెలుసుకున్నాక్కా. మా సాయిబుల్లో మొగపిల్లోళ్ళకు సున్తీ తెలుసు గానీ, ఆడపిల్లకు గూడా ఇట్ల కోస్తారని నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. వాళ్ళ దేశంలోనే చేయగూడదని చట్టం ఉందంట. ఆ యమ్మను నా బండిలోనే ఎక్కించుకొస్తిని.”

“నువ్వు బండే తోలితివి నాయనా. నేను పట్టుకుంటిని” అంది లూర్దమ్మ.

మరుసటి ఏడాది సెలవుల్లో వంటింట్లో మళ్ళీ గోరింటాకు వాసన వచ్చింది. ఈసారి రయాన్‌కు. కొత్త గౌను చూసుకుని గంతులేస్తోంది, పిచ్చిముండ, దానికేం తెలుసు. లూర్దమ్మ గిన్నె కడుగుతూ అలాగే నిలబడిపోయింది. వెనక నుంచి ఎవరో పైట లాగారు.

“లూర్దా, రయాన్‌కు గూడా చీమ కుడతాదా?”

ఏడాది తర్వాత వచ్చిన తెలుగు మాట. లూర్దమ్మ గిన్నె తొట్లో పడేసింది. పోయి రయాన్‌ను చంకనేసుకుని, దారిలో ఖాసీంకు “ఆ యమ్మను తీసుకురావద్దు, ఫోన్ ఆపేసి యాడన్నా పో” అని చెప్పి, స్నానాలగదిలో దూరి గడియ పెట్టింది. అక్కడి నుంచే సార్‌కు ఫోన్ చేసింది. వచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో చెప్పాల్సింది చెప్పింది. తస్నీంను కోశారు. ఇప్పుడు రయాన్‌ను కోస్తారు. నువ్వు రా.

అవతల నుంచి సార్ ఏడుపు వినిపించింది.

హబూబా తలుపు బాదింది. “రేపే నిన్ను విమానం ఎక్కిస్తాం” అంది. ఎక్కించమంది లూర్దమ్మ, తెలుగులో. మేడం వచ్చి, తలుపు తీయి, నీ వీసా నా చేతిలో ఉందంది. లోపల రయాన్ ఇదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు బయటికి వినబడిందేమో, మేడం గొంతు ఆగిపోయింది. కాసేపటికి తలుపుకు వీపు ఆనించి ఎవరో కింద కూర్చున్న చప్పుడు.

“ఖలాస్, అమ్మా” అంది మేడం, ఇక చాలని. “నాతోనూ తస్నీంతోనూ ఖలాస్. దీన్ని ముట్టుకోవాలంటే నన్ను దాటిపో.”

ముసలామె దాటలేదు. అక్కడే గోడ పట్టుకుని నిలబడి, నేను మాత్రం మీ చెడు కోరానా అని ఏడ్చింది. అది నిజమే. అందుకే లూర్దమ్మకు ఆమె మీద కోపం కూడా సరిగ్గా రాలేదు.

మర్నాడు తండ్రి వచ్చాడు. రయాన్‌ను ఎత్తుకుని, మెసైమీర్ ఆవిడ ఇంకోసారి ఈ గడప తొక్కితే పోలీసులను పిలుస్తానన్నాడు. లూర్దమ్మకు చేతులు జోడించాడు. “నా కూతుర్ని కాపాడావు” అన్నాడు. ఖాసీం గర్వంగా చూశాడు. మేడం ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆమెను ఎవరూ ఊరికి పంపించలేదు, వీసా మాట మళ్ళీ ఎత్తలేదు.

లూర్దమ్మ వంటింట్లోకి వచ్చేసరికి తస్నీం అక్కడ నిలబడి ఉంది.

“రయాన్‌ను పట్టుకొని తలుపేసుకుంటివి” అంది. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. “నన్ను పట్టుకొని వాళ్ళకిస్తివి. ఎందుకు?”

లూర్దమ్మ నేల మీద కూర్చుంది. దగ్గరికి తీసుకోబోయి, ఆ చేతులనే చూసుకుని వెనక్కి తీసుకుంది.

“చెవులు కుడతారనుకుంటి, బంగారూ.”

పిల్ల చెయ్యి ఎత్తి తన చెవి తమ్మెను తడుముకుంది, మొదట ఒకటి, తర్వాత రెండోది. నున్నగా ఉన్నాయి రెండూ.

“తైబ్” అంది అరబీలో, సరేనని. చెల్లెలు పిలుస్తుంటే అటు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తస్నీం లూర్దమ్మతో మళ్ళీ తెలుగులో మాట్లాడలేదు.