పూసలు చదివిన రెండేసి పేజీలు

గాజుపెట్టెలాయన పొద్దున మ్యూజియానికి రాగానే చేసే మొదటి పని, చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, పాత పుస్తకాల పెట్టెల కింద సొరుగులు లాగి చూడటం. ఆ పెట్టెలన్నీ ఆయన చేసినవే. ఏ పుస్తకం వీపు విరగకుండా ఎంతవరకు తెరుచుకుంటుందో చూసి, అంతకే సరిపోయేలా దానికో పీట చెక్కుతాడు. సొరుగుల్లో పూసలుంటాయి. కొత్త చెప్పుల డబ్బాలో చిన్న పొట్లం వస్తుంది చూడండి, అవే. చెమ్మ పీల్చీ పీల్చీ రంగు మారిపోతాయి. ఇంటికి పట్టుకెళ్ళి మూకుట్లో సన్నసెగ మీద వేయిస్తే మళ్ళీ మామూలే.

మూల పెట్టెలో పెద్ద పుస్తకం ఒకటుంది. దాని పూసలు మాత్రం వేగేటప్పుడు పైకి చదువుతాయి. తెరిచి ఉన్న ఆ రెండు పేజీలే, తడారేదాకా. వెలుతురుకి సిరా వెలిసిపోతుందని మూడు నెలలకోసారి పేజీ తిప్పుతారు, అందులోని పడవవాడి కథ కదిలేదీ అప్పుడే. ఆ పాత రాత చదవగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

"ఏం బాబాయ్, పడవవాడు అవతలి ఒడ్డు చేరాడా?" అనేవాడు వాచ్‌మన్.

"ఎక్కడరా! ఈ మూడు నెలలూ తెడ్డు వెతుక్కోడానికే సరిపోయింది."

భార్య పోయాక ఆ ఇంట్లో వినపడే గొంతు అదొక్కటే. పూసలు పొయ్యి మీద పెట్టుకునే అన్నం తినేవాడు.

ఒకరోజు ఆఫీసరమ్మ పిలిచింది. "పెట్టెలకి మిషన్ పెడుతున్నాం. చెమ్మ సంగతి అదే చూసుకుంటుంది. పూసల గొడవ వదిలింది మీకు."

"మూల పెట్టెకి వద్దులెండమ్మా. ఆ పూసలు చదువుతాయి."

"తెలుసులెండి. చదవడం ముఖ్యమా, పుస్తకం బూజు పట్టకుండా ఉండటం ముఖ్యమా?"

మూల పెట్టెకీ మిషన్ గొట్టానికి కన్నం ఆయనే వేశాడు. పడవవాడు నది నడిమధ్యలో ఉండిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో ముద్ద దిగేది కాదు. చెంచా కింద పడితే ఉలిక్కిపడేవాడు, అంత నిశ్శబ్దం. అలా ఉండగా ఓ సాయంత్రం తలుపు చప్పుడైంది. పక్కవాటా ఆవిడ. ఎదురుపడితే తల ఊపడమే తప్ప ఇన్నేళ్ళలో ఇద్దరికీ మాటల్లేవు.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా? చదవడం ఆపేశారు?"

"చదివేది నేను కాదండీ, పూసలు."

"ఎవరైతేనేం! గోడకి చెవి ఆనించుకుని, పొయ్యి మీద కూర కూడా ఆపేసి వినేదాన్ని. ఇంతకీ వాడు చేరాడా, లేదా?"

"తెలీదండీ. ఇక తెలిసే దారీ లేదు. మిషన్ పెట్టేశారు."

ఆవిడ ఉసూరుమంది. అంతలోనే, "చేరే ఉంటాడు. అంత మొండిఘటం మునుగుతాడా?" అంది.

"పడవకి చిల్లు పడింది కదండీ!"

"చిల్లా? అదెప్పుడు?"

"తెడ్డు దొరికాక."

"అయ్యో, అప్పుడు చెల్లెలికి ఆపరేషనైతే మూడు నెలలూ వాళ్ళింట్లోనే ఉన్నానండీ! చెప్పండి, చెప్పండి."

చెబుదామని నోరు తెరిచాడు. ఈలోగా ఆవిడ లోపలికి తొంగి చూసింది. ఉన్నది ఒక్కటే కుర్చీ.

"ఉండండి, మాది తెచ్చుకుంటా. నేనొచ్చేలోగా మొదలుపెట్టారంటే ఊరుకోను."

చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళింది. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. వసారాలో కుర్చీ ఈడుస్తున్న చప్పుడు దగ్గరికొచ్చింది.

"అలా చూస్తారేంటండీ, ఓ చెయ్యి వెయ్యండి!"