ఏడో రోజు స్లైడు

స్పిరిట్ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒరిస్సా ఊరు నారాయణపట్న గుర్తుకు వస్తుంది. 1978లో అక్కడి మలేరియా కార్యాలయంలో, ఒక్క కిటికీ ఉన్న గదిలో, రక్తపు స్లైడ్లను సూక్ష్మదర్శిని కింద చూడటం నా ఉద్యోగం. వేళ్ళకు అంటిన ఊదారంగు ఏ సబ్బుకూ వదిలేది కాదు. బయట జీపు మీద ‘నిర్మూలన’ అని తెల్లటి అక్షరాలు ఉండేవి. దేవుణ్ణి నమ్మకపోయినా ఆ మాటను నమ్మేవాణ్ణి. క్లోరోక్విన్ మాత్రను అంతకన్నా నమ్మేవాణ్ణి.

ఇంటింటికీ తిరిగి, జ్వరమున్నవారి రక్తం తీసి, మాత్రలు మింగించి, గుమ్మం పక్కన బొగ్గుతో తేదీ వేయడం దాలయ్య పని. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఆ జూలైలో బంధుగాం అనే ఊరి నుంచి సూర్యావతి అనే ఆమె రక్తం పదేసి రోజుల తేడాతో మూడుసార్లు తెచ్చాడు. మూడింటిలోనూ ప్రాణాంతకమైన రకం మలేరియా. మందు మింగినవారి రక్తంలో ఆ మలేరియా పురుగు బతకదు. కనుక ఆమె మందు మింగలేదు. దాలయ్య మాత్రలివ్వకుండానే తేదీలు వేస్తున్నాడని పైకి రాశాను. వారం తిరగకుండా అతన్ని పనిలోంచి తొలగించబోతున్నట్టు కాగితం వచ్చింది.

“నా కళ్ళెదుటే మింగింది బాబూ,” అన్నాడు దాలయ్య.

“కళ్ళెదుటే దయ్యాన్ని చూసినవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.”

“అయితే మీరే వచ్చి మింగించండి. దయ్యమో మందో మీరే సూద్దురు.”

వెళ్ళాను. మొదటి రోజు నాలుగు మాత్రలు, రెండో రోజు నాలుగు, మూడో రోజు రెండు. మింగిన ప్రతిసారీ నాలుక ఎత్తించి చూశాను. కక్కుతుందేమోనని గంటసేపు వాకిట్లోనే కూర్చున్నాను.

ఒళ్ళు కాలిపోతున్నా సూర్యావతి వేళాకోళం మానలేదు. “ఏటి బాబూ, పెళ్ళిసూపుల్లో మా అత్త పళ్ళే సూసింది గానీ నాలిక ఎత్తమన్నేదు!”

“ఎత్తమనాల్సింది. ఎంత పొడుగో అప్పుడే తెలిసేది,” అన్నాడు గోడకు ఆనుకుని ఉన్న దాలయ్య.

నేను నవ్వలేదు. ఆమె అత్త ఇచ్చిన రాగుల చోడంబలి తాగుతూ గడియారం చూసుకున్నాను. ఆ వాకిలి, ఆ పుల్లటి అంబలి, వాళ్ళిద్దరి నవ్వు ఇప్పుడు మళ్ళీ దొరికితే గడియారం విప్పి జేబులో వేసుకుంటాను.

మూడో రోజుకు జ్వరం తగ్గింది. “చూశావా?” అన్నాను దాలయ్యతో.

ఏడో రోజు జ్వరం మళ్ళీ వచ్చింది. రక్తం నేనే తీశాను, రంగు నేనే వేశాను. ఎర్రకణాలలో ఆ పురుగు సన్నటి నీలి ఉంగరాలుగా కనిపించింది. పురుగు ముదిరాక వచ్చే నెలవంక ఆకారాలు మాత్రమే మిగిలితే అనుమానపడను. వాటి మీద ఆ మందు పనిచేయదు. ఉంగరాలు మిగలకూడదు. రంగు పాడైందనుకుని కొత్తది కలిపి, రెండో స్లైడు చూశాను. అవే ఉంగరాలు. ఆ పది మాత్రలూ వేసింది నా చెయ్యే. మందుకు లొంగకుండా పురుగే మారింది.

పై అధికారి రెండు స్లైడ్లనూ చూశాడు. “అస్సాంలో ఇలాంటిది ఉందని విన్నాం. మన దగ్గర లేదు. ఒక పనివాడి తప్పుతో పోయేదాన్ని ఎందుకయ్యా పెద్దది చేస్తావు?”

“తప్పు పనివాడిది కాదు సార్, నాది,” అని అక్కడే కూర్చుని రాశాను: దాలయ్య మాత్రలు మింగించాడు, నా నివేదిక తప్పు, మాత్ర పనిచేయలేదు.

సూర్యావతికి వేరే మందు తెప్పించారు. తేరుకుంది. దాలయ్య మీది కాగితం రద్దు కావడానికి నెల పట్టింది.

ఆ మరునాడు అతను ఎప్పటిలాగే స్లైడ్ల పెట్టె నా బల్ల మీద పెట్టాడు. క్షమాపణ చెప్పడానికి లేచాను. వినకుండా, కిళ్ళీతో ఎర్రబడిన నోరు పూర్తిగా తెరిచి నాలుక ఎత్తాడు.

“సూసుకోండి బాబూ,” అన్నాడు తరువాత. “ఏటీ దాసనేదు.”