తెలిసి చేస్తేనే

మా ఆయన శ్యామ్‌సుందర్ నరకంల ఉన్నడో లేడో నాకు తెల్వాలె. గంతే. ఓదార్పు మాటలు వద్దు, అయ్యి చానా విన్న.

ఆదివారం ఆబిడ్స్‌ల దుకాణాలు మూసుంటయి కదా, ఆ షట్టర్ల ముందర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేటోడు. మిగతా రోజులు గాడ జాగ దొరకదు. మా బతుకంతా ఆదివారమే. నేనేమో పుట్టు కథోలికదాన్ని. ఆదివారం చర్చిల పూజ మానితే చావైన పాపం, అది ఫాదర్ దగ్గర ఒప్పుకోకుండ సస్తే సీదా నరకమే అని మా ఊరి ఉపదేశి తొడపాశం పెట్టి మరీ నేర్పిండు. శనివారం సాయంత్రం పూజ గూడా లెక్కకొస్తది గనీ, అప్పుడు ఈయన పాత కాయితాలు కొనే రద్దీ దుకాణాలు తిరిగి పుస్తకాలు ఏరుకొచ్చేటోడు. నన్ను చేసుకునేటందుకే జ్ఞానస్నానం తీసుకున్నడు. జోసఫ్ అని పేరు పెట్టిన్రు. ఆ పేరుతోని పిలిస్తే ఒక్కనాడు పలకలే.

"ఇయ్యాల గూడా పూజ ఎగ్గొడ్తవా? చావైన పాపమయ్యా!" అని సంచులెత్తుకునేటప్పుడే పట్టుకునేదాన్ని.

"నరకంల గూడా సదువుకునేటోళ్లు ఉంటరు శౌరీ. గాడ పరుస్త తియ్," అని నవ్వేటోడు. "నువ్వే ఒక్క ఆదివారం వచ్చి నా పక్కన కూసోరాదు?"

"నాకేం ఖర్మ!" అనేదాన్ని.

ఓ ఆదివారం నేను చర్చిల సత్ప్రసాదం లైన్ల నిలబడ్డప్పుడే, ఆయన గాడ ఎవరికో రేటు చెప్పుకుంట పుస్తకాల మీదికే ఒరిగిపోయిండు. దవాఖానకు ఎత్తుకపోయేలోపే అయిపోయింది. ఫాదర్ వచ్చి పాపాలు ఇనే పాపసంకీర్తనం లేదు, ఆఖరి నూనె రాసుడు లేదు.

నాకు ఏడుపు రాలే. ఇప్పటికీ రాదు. వండుకుంట, తింట, గిన్నె కడుగుత. నాంపల్లి స్టేషన్ పక్కన మా కిరాయి రూం. రైలొస్తే గోడ అదురుతది. ఇంతకుముందు తిట్టుకునేదాన్ని, ఇప్పుడు అదిరిందో లేదో గూడా సోయి ఉండదు.

ఫాదర్ ఇన్నయ్యగారి దగ్గరికి పోయిన.

"దేవుడు దయగలవాడమ్మా," అన్నరు.

"గది నాకు ఎరికే ఫాదర్. ఉన్నడా లేడా, గది చెప్పున్రి."

మంచి మనిషి. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పిన్రు. పాపం చావైనది కావాలంటే మూడు కలవాల్నట. విషయం పెద్దదై ఉండాలె. అది పాపమని పూర్తిగ తెలిసుండాలె. తెలిసీ ఇష్టంతోని చెయ్యాలె.

"మీ ఆయన పెద్దయ్యాక మనలోకి వచ్చినవాడు. పొట్టకూటి కోసం వెళ్లాడు. పూజ మానడం అంత పాపమని ఆయనకి ఎవరు చెప్పుంటారు? తెలియక చేశాడు తల్లీ. దిగులు పడకు."

ఎవరు చెప్పుంటారు!

నేనే కదా చెప్పింది. ఆదివారం ఆదివారం గుమ్మంల నిలబెట్టి చెప్పిన. యాదిమరుస్తడేమోనని మళ్ల మళ్ల చెప్పిన. నా నోరు మూసుకోని ఉంటే తెల్వనోడిగనే పోతుండె మనిషి. ఫాదర్‌కు ఈ సంగతి చెప్పలే. "సరే ఫాదర్" అని లేచొచ్చిన. దుఃఖమో, భయమో, ఏదో ఒకటి రావాలె కదా, ఏదీ రాలే. దారిల కొత్తిమీర కొనుక్కున్న.

మొన్న ఆదివారం పూజకని తెల్లచీర కట్టుకున్న. మూలకు ఆయన సంచులు అట్లనే ఉన్నయి. ఎత్తి ఆటోల పెట్టిన. "ఆబిడ్స్ పోనియ్," అన్న.

పక్కజాగల పుస్తకాలమ్మే అంజన్ నన్ను సూసి లేచి నిలబడ్డడు. "వదినా, అన్న జాగ ఎవ్వరికీ ఇయ్యలే," అన్నడు. ఆయన కూసునే పీట తెచ్చి ఏసిండు. "పూజకు పోలేదా?"

"పోలే."

పుస్తకాలు పరుసుకుంటుంటే చర్చి గంట కొట్టిన్రు. గీడిదాకా ఇనొస్తదని నాకు తెల్వదు. అంటే ఇన్నేండ్లు ప్రతి ఆదివారం ఆయన గీ గంట వినుకుంటనే కూసున్నడన్నమాట.

లేచి ఉరికితే పూజ అందుతుండె. విషయం పెద్దదే. నాకు పూర్తిగ తెలుసు. నా ఇష్టంతోనే కూసున్న. మూడూ కలిసినయి.

ఉన్నడో లేడో ఎవ్వరూ చెప్పలే. ఉంటే మాత్రం గాడ ఒక్కడే ఉండొద్దు.

పక్కన కూసొమ్మన్నవు కదయ్యా. కూసున్న.