బీసీజీయా, ఇంటర్‌ఫెరానా

సదానందం మూత్రసంచిలో ఉన్న క్యాన్సర్ గడ్డను హైదరాబాదులో గీకి తీసేశారని తెలిసి గోదావరిఖనిలో వాళ్ల వాడకట్టంతా ఊపిరి పీల్చుకుంది. ఆయన కూతురు యమునకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఆమె జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఆపరేషన్ చేసిన డాక్టర్ రఘురామ్ అన్న మాట ఆమెకు బాగానే అర్థమైంది.

"గడ్డ పోయిందమ్మా. కానీ ఈ రకం ఊరుకోదు, మళ్లీ వస్తుంది. రాకుండా ఉండాలంటే పుండు మానగానే వారం వారం బీసీజీ ఎక్కించాలి."

"బీసీజీ అంటే పసిపిల్లలకు టీబీ రాకుంట వేసేది గద సార్?"

"అదే. చేతికి సూదితో కాదు, గొట్టంతో మూత్రసంచిలోకి పంపిస్తాం. బలహీనపరిచిన టీబీ క్రిములు లోపలికి పోగానే ఒంట్లోని రక్షణ బలగం మేల్కొని వాటి మీద పడుతుంది. ఆ ఊపులో మిగిలిన క్యాన్సర్ కణాలనూ చంపుతుంది."

"మా బాపుకు ఎనుకట టీబీ వచ్చింది సార్. బొగ్గుబాయిల పనిజేసి ఊపిరితిత్తుల నిండ దుమ్ము గూడ ఉన్నది. అయినా ఇయ్యచ్చా?"

రఘురామ్ చేతిలో కలం ఆగిపోయింది. "ఛాతీ డాక్టరుకు చూపించి రండి. ఆయన సరేనంటే మొదలుపెడదాం" అన్నాడు.

ఛాతీ డాక్టర్ ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూశాడు. "పాత మచ్చ. ఇప్పుడు టీబీ లేదు. బీసీజీ ఇవ్వాలో వద్దో మాత్రం ఆపరేషన్ చేసినాయననే అడగండి."

ఆయన్నే అడిగితే, "ఇవ్వొచ్చని ఛాతీ డాక్టర్ రాసిస్తేనే ఇస్తాను" అన్నాడు రఘురామ్.

ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి విసిగిన యమున, కాలేజీలో ఎవరో చెప్పగా ఇంకో ఆసుపత్రిలో భీమశంకరం అనే పెద్ద డాక్టరు దగ్గరికి తండ్రిని తీసుకెళ్లింది. ఆయన కాగితాలు చూస్తూనే మండిపడ్డాడు.

"టీబీ వచ్చినవాడికి బతికున్న క్రిములు ఎక్కిస్తారా? ఇంటర్‌ఫెరాన్ ఇద్దాం. ఒంట్లో సహజంగా తయారయ్యే పదార్థమే. అదీ రక్షణ బలగాన్ని లేపేదే. మంట తక్కువ, జ్వరం తక్కువ."

"బీసీజీ కంటే మంచిగ పనిచేస్తదా సార్?"

"రెండూ మంచి మందులేనమ్మా."

"రెండిట్ల ఏది ఎక్కువ మంచిది?"

"అలా తూకం వేసి చెప్పలేం" అని ఆయన తర్వాతి పేషెంటును పిలిచాడు.

యమున గోదావరిఖనికి తిరిగి వచ్చి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుంది. ఒకచోట బీసీజీయే మేలని ఉంది. మరోచోట బీసీజీ వల్ల టీబీ ఒళ్లంతా పాకిన మనిషి కథ ఉంది. చదివినకొద్దీ భయం పెరిగింది గానీ దారి కనబడలేదు. బొగ్గు గనుల కంపెనీ దవాఖానలో, బయటి ఆసుపత్రికి రెఫరల్ ఇచ్చే గుమాస్తా అయితే చేతులెత్తేశాడు. "ఒక్క మందు పేరు రాపిచ్చుకొని రాండ్రి మేడం. ఒగలు ఇదంటరు, ఒగలు అదంటరు. నేనేం పంపాలె?"

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు బందయ్యాయి, బస్సులు బందయ్యాయి. రైళ్లు ఎప్పుడు నడుస్తాయో ఎవరికీ తెలియదు. సదానందం పొద్దున్నే తయారై సమ్మె టెంటుకు పోయేవాడు. రోడ్డు మీద వంటావార్పు జరిగితే గంటె పట్టేవాడు. యమునకూ తెలంగాణ కావాలి, అందుకే సమ్మెను తిట్టలేకపోయింది. "జర పానం మీద ఫికర్ పెట్టుకో బాపూ" అంటే, "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న" అని నవ్వేవాడు.

సమ్మె ముగిసి డ్యూటీకి ఎక్కిన వారంలోనే, షిఫ్టు దిగి వచ్చిన సదానందం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మళ్ల మూత్రం ఎర్రగ వస్తున్నది బిడ్డా" అన్నాడు.

రఘురామ్ మళ్లీ దుర్బిణి గొట్టం మూత్రసంచిలోకి పంపి చూశాడు. గడ్డ తిరిగి వచ్చింది. ఈసారి ఒకటి కాదు, గుత్తిలా. యమున బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రెండు మందులల్ల ఏది మంచిదో ఇప్పుడన్న చెప్పుండ్రి సార్."

ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "పరిశోధనల్లో రెండింటినీ పోల్చి చూశారమ్మా. బీసీజీ ఇచ్చినవాళ్లలో గడ్డ తిరిగి రావడం తక్కువ. ఇంటర్‌ఫెరాన్ ఒక్కదానితో అంతగా ఆగలేదు."

"ఈ ముచ్చట అప్పుడే ఎందుకు చెప్పలే?"

"అక్కడ చూసింది మీ నాన్నగారిలాంటి వాళ్లను కాదు. పాత టీబీ, పైగా బొగ్గు దుమ్ము. ఇలాంటివాళ్లకు ఏ మందు ఎలా పనిచేస్తుందో విడిగా చూసినవాళ్లు నాకు తెలిసి లేరు. పాత మచ్చే కదా అని ఇవ్వొచ్చు. తీరా ఏదైనా జరిగితే..."

"మీ మీదికి వస్తది. గందుకే ఛాతీ డాక్టర్ మీదికి తోసిండ్రు. ఆయన మీ మీదికి తోసిండు. తెల్వదు అన్న ఒక్క మాట చెప్పెతందుకు ఇన్ని నెలలా సార్?"

అప్పటిదాకా గోడవారన కుర్చీలో ఉన్న సదానందం గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఆ బీసీజీ పెట్టినంక జ్వరం వస్తె, దగ్గు వస్తె, నేను ఎవ్వలకు ఫోన్ చెయ్యాలె?"

"నాకే చేయండి" అని డాక్టర్ కాగితం మీద తన నంబరు రాసిచ్చాడు.

"అయితే గదే పెట్టుండ్రి. నేను ఒప్పుకుంటున్న."

యమున తండ్రి వైపు తిరిగింది. ఇన్నాళ్లూ ఇంతమందిని అడిగింది, ఆయన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు.

గడ్డలు మళ్లీ గీకారు, ఈసారి లోతుగా. పుండు మానాక బీసీజీ మొదలుపెట్టారు. మందు లోపల నిలవడానికి అటూ ఇటూ దొర్లుతూ పడుకోమనేవారు. మంటకు పళ్లు బిగించేవాడు సదానందం. ఒకసారి ఇంటికి వచ్చాక ఒళ్లు కాలిపోయింది. ఆయన దగ్గినప్పుడల్లా యమున లేచి నుదురు తాకి చూసేది. ఫోన్ చేస్తే రఘురామ్ వెంటనే ఎత్తాడు. తెల్లారేసరికి తగ్గకపోతే హైదరాబాదు బండెక్కించమన్నాడు. తగ్గింది.

తర్వాతి పరీక్షలో మూత్రసంచి శుభ్రంగా ఉంది. "ఇప్పటికైతే బావుంది" అన్నాడు డాక్టర్. కానీ మూత్రం ఆపుకునే శక్తి సదానందానికి సగం పోయింది. బాయిలోకి దిగలేడని, పైన కార్మికులకు టోపీ దీపాలు ఇచ్చే ల్యాంపు రూంలో డ్యూటీ వేశారు.

"మొదట్లనే ఇస్తె రెండో ఆపరేషన్ తప్పేదా సార్?" అని అడిగింది యమున.

"తప్పేదేమో. తప్పకపోయేదేమో."

తిరుగు రైల్లో సదానందం కిటికీ పక్క సీటు వదులుకుని, దర్వాజ పక్కనున్న బాత్రూంకు దగ్గరగా కూర్చున్నాడు. ల్యాంపు రూం ముచ్చట్లు చెబుతూ, మాట మధ్యలో ఆపి జల్దిగా లేచి వెళ్లాడు. యమున ఆయన తువ్వాల సీటు మీద పరిచి, ఎవరో కూర్చోబోతుంటే గట్టిగా కసిరింది.

"మనిషి ఉన్నడు ఈడ. కనిపిస్తలేదా?"